నిలిచియున్న కారులో ఇంటి దొంగ

నేటి సాయంకాలము నేను మీతో ముచ్చటింపదలచిన విషయము వినుటకు స్వల్పముగా నుండును. ఇంటి ముంగిట నిలిపిన కారు, ఎవ్వరును ముట్టకుండగనే, రెండు మూడు దినములలో బ్యాటరీ వట్టిపోయి కదలక మొండికెత్తుటయే ఆ విషయము. దీని కింత ప్రసంగ మేల, మెకానిక్కును పిలిచిన సరిపోదా యని మీలో కొందరు తలపవచ్చును. మెకానిక్కును పిలువవలసినదే. కాని పిలుచుటకు ముందు మనము గమనింపవలసినవి కొన్ని కలవు. అతడు వచ్చిన తరువాత మనము అడుగవలసినవి కొన్ని కలవు. అవి తెలియకపోవుటచే ధనము వ్యర్థమగుటయే కాక, ఒక్కొక్కచో నిరపరాధి నిందల పాలగుటయు సంభవించును. అట్టిది యొకటి నా కన్నుల యెదుట జరిగినది గనుకనే నేడు ఈ విషయము నెన్నుకొంటిని.

నేను ముప్పది సంవత్సరములు ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రము బోధించి విశ్రాంతి తీసికొనినవాడను. మా యూరికి రెండు క్రోసుల దూరమున మా బావగారి గ్రామము కలదు. ఆయనకు డెబ్బది నాలుగేండ్లు. కుమారుడు విదేశమున ఉద్యోగము చేయుచు, తలిదండ్రుల యవసరమునకై ఒక చిన్న కారు కొని యిచ్చి పోయెను. నేడు మన పల్లెలలో ఇట్టి కార్లు అనేకములు కలవు. కొడుకు దూరమున నుండును. కారు ముంగిట నుండును. నడుపువా డింట నుండడు. బావగారును కారు నడుపజాలరు. పొరుగు వీధిలోని పిల్లవా డొకడు నెలకు కొంత పుచ్చుకొని, పిలిచినపుడు వచ్చి నడుపుచుండెను. వాడు తండ్రి లేనివాడు. తల్లి కూలికి పోవును. ఆ కారును తన సొత్తు వలె కడిగి, తుడిచి, దుమ్ము పడకుండ గుడ్డ కప్పి యుంచెడివాడు.

ఒక కార్తికమాసపు రాత్రి రెండు గంటల వేళ మా అక్కగారికి ఆయాసము హెచ్చెను. కబురందగనే పిల్లవాడు పరుగున వచ్చి తాళము త్రిప్పెను. కారు టిక్కు టిక్కుమని చప్పుడు చేసి యూరకుండెను. ముందరి దీపములు మినుకు మినుకుమని ఆరిపోయెను. 108 వాహనమునకు ఫోను చేసిరి. అది యప్పటికే వేరొక గ్రామమున రోగి నెక్కించుకొనుచుండెను. తుదకు వీధి చివరనున్న ఆటోవానిని లేపి, ఆమెను అందు పండుకొనబెట్టి పట్టణమునకు చేర్చిరి. వైద్యులు వెంటనే చికిత్స చేయుటచే ఆమె బ్రతికెను. కాని వ్యర్థముగా పోయిన ఆ నలువది నిమిషములను తలచుకొనిన నేటికిని బావగారి చేతులు వణకును.

మరునాడు పట్టణమునుండి క్రొత్త బ్యాటరీ తెప్పించిరి. పాతది చచ్చినదని దుకాణదారుడు చెప్పెను. దానిని పరీక్షించి చూడుమని అడిగినవారు లేరు. తరువాత పది దినములు కారు బాగుగనే నడచెను. ఆ దినములలో ఆసుపత్రికి ప్రతిదినము తిరుగుచుండిరి. అక్కగారు ఇల్లు చేరిన పిమ్మట కారు నాలుగు దినములు కదలక నిలిచెను. అయిదవనాడు మరల టిక్కు టిక్కు! ఈసారి వచ్చిన మెకానిక్కు తల యూపి, “క్రొత్త బ్యాటరీ ఇంత త్వరగా పోదండి. ఎవరో రాత్రులందు లైటు వేసియో, పాటలు పెట్టియో మరచిపోవుచున్నారు” అనెను. ఎవరో యన్న యెవరు? తాళపుచెవి యుండునది ఒక్క పిల్లవాని యొద్ద. వాడు కారులో కూర్చుండి పాటలు వినుచున్నాడని, తన సెల్లుఫోనునకు దానినుండియే ఛార్జి పెట్టుకొనుచున్నాడని అరుగుమీద నలుగురు అనిరి. భార్య మృత్యుముఖమున నుండి బయటపడిన తాపము ఇంకను చల్లారని బావగారును ఒక కఠినమైన మాట అనిరి. పిల్లవాడు ఎదురాడలేదు. తాళపుచెవి అరుగుమీద పెట్టి, “తాతగారూ, నేను పాటలు వినలేదండి” అని మాత్రము పలికి వెడలిపోయెను. మరల ఆ గడప త్రొక్కలేదు.

నేను అక్కగారిని చూడబోయిన దినమున ఈ కథ యంతయు వింటిని. బావగారిని ఒక్క ప్రశ్న యడిగితిని: “బ్యాటరీ పోయినదని రెండుసారులు నిర్ణయించితిరి, పిల్లవాడు దోషియని ఒకసారి నిర్ణయించితిరి. ఇందేదైనను పరీక్షించి చూచితిరా?” ఆయన మాటాడలేదు. అంతట ఇద్దరమును కలిసి ఆ దొంగను పట్టుటకు పూనుకొంటిమి. ఆ విధానమునే నేడు మీకు విన్నవింతును.

ముందుగా బ్యాటరీ యననేమో కొంచెము తెలిసికొందము. సీసపు రేకులను గంధకికామ్లములో ముంచి, విద్యుచ్ఛక్తిని నిలువచేసి మరల వాడుకొను ఉపాయమును 1859వ సంవత్సరమున గాస్టన్ ప్లాంటే యను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కనుగొనెను. నేటి పెట్రోలు, డీసెలు కార్లలో చాలవాటియందు ఆ జాతి బ్యాటరీయే యున్నది. అందు ఆరు అరలుండును. ఒక్కొక్క అర రమారమి 2.1 వోల్టుల చొప్పున ఇచ్చును గనుక నిండు బ్యాటరీ 12.6 వోల్టులు చూపును. పూర్వము ఇంజనును చేతితో త్రిప్పి లేపెడివారు. మన పెద్దలలో పలువురు పాత అంబాసిడరు కారుకు ముందునుండి ఇనుప హ్యాండిలు దూర్చి త్రిప్పుట చూచినవారే. చార్లెస్ కెట్టరింగ్ అను అమెరికా దేశీయుడు రూపొందించిన విద్యుత్ స్టార్టరును 1912వ సంవత్సరపు కాడిలాక్ కార్లలో అమర్చిన పిమ్మట ఆ శ్రమ క్రమముగా తొలగెను. అయితే హ్యాండిలుతో పాటు ఒక ధైర్యమును పోయినది. ఇంజను లేచుటకు నూరు ఆంపియర్లకు మించిన ప్రవాహము ఒకటి రెండు క్షణములపాటు కావలెను. బ్యాటరీలో సగము శక్తి తరిగినను చిన్న దీపములు వెలుగుచునే యుండును గాని ఇంజను లేవకపోవచ్చును. కనుక దీపము వెలిగినది గాన బ్యాటరీ బాగున్నదని యనుకొనుట పొరపాటు.

ఇక మన మాటలలో చెప్పుకొందము. వరిచేనిలో సాయంకాలము నిండుగా నీరు పెట్టితిమి. తెల్లవారుసరికి చేను ఆరిపోయినది. రైతు ఏమి యాలోచించును? మూడు సందేహములు పొడమును. మొదటిది, చేని నేల నీరు పట్టునది కాదేమో. రెండవది, కాలువనుండి తగినంత నీరు రాలేదేమో. మూడవది, గట్టున ఎండ్రకాయ బొరియ యేదైన పడినదేమో. బ్యాటరీ విషయమునను సందేహములు ఈ మూడే. బ్యాటరీ తానే ముదిసి శక్తిని నిలుపలేకపోవచ్చును. ఇంజను నడచునపుడు దానిని నింపవలసిన ఆల్టర్నేటరు సరిగా నింపకపోవచ్చును. లేదా కారు నిలిచియున్నపుడు ఏదో యొక దారిని శక్తి కారిపోవుచుండవచ్చును. తెలిసిన రైతు మూడింటిని వరుసగా చూచును గాని, ముందుగనే పొరుగువాడు నీరు దొంగిలించెనని కఱ్ఱ తీసికొని పోడు.

మొదటి సందేహమును తీర్చుకొనుటకు యంత్రము కూడ అక్కరలేదు. బ్యాటరీని పూర్తిగా ఛార్జి చేయించి, కారునుండి దాని సంబంధమును తప్పించి, రెండు మూడు దినము లుంచుడు. తరువాత తగిలించినపుడు కారు వెంటనే లేచినచో బ్యాటరీ శక్తిని నిలుపుకొనుచున్నది. దొంగ కారులో నున్నాడు. లేవనిచో బ్యాటరీయే దోషి యగుటకు ఎక్కువ అవకాశము కలదు. మల్టీమీటరు ఉన్నవారు వోల్టులును చూడవచ్చును. కారు కొన్ని గంటలు విశ్రమించిన తరువాత 12.6 చూపిన బ్యాటరీ నిండుగా నున్నట్లు, 12.4 అయిన ముప్పాతిక, 12.2 అయిన రమారమి సగము. 12కు దిగిన పావు మాత్రమే మిగిలినట్లు. మేము బావగారి బ్యాటరీని ఛార్జి చేయించి రెండు దినములు అరుగుమీద నుంచితిమి. అది 12.6 దగ్గరనే నిలిచెను. క్రొత్త బ్యాటరీ నిర్దోషి.

రెండవ సందేహము. ఇంజను నడచుచుండగా బ్యాటరీ మొనల యొద్ద వోల్టులు చూడవలెను. చాల కార్లలో 13.8 మొదలు 14.5 వరకు కనబడును. పన్నెండున్నర దాటనిచో నింపుట సాగుటలేదని యర్థము. బ్యాటరీ మొనలపై తెల్లగానో పచ్చగానో బూజువంటిది పట్టియున్నను, తీగెల బిగింపు వదులైనను ప్రవాహము సరిగా జరుగదు. దానిని శుభ్రపరచి బిగింపవలెను. మరియొక మాట. ఇంటినుండి అంగడికి, అంగడినుండి ఇంటికి అయిదు నిమిషములు నడచిన కారు, తరిగిన బ్యాటరీని మరల నిండుగా నింపుకొనజాలదు. ఈ విషయమున మా కారు 14.1 చూపెను. ఆసుపత్రికి తిరిగిన పది దినములు బాగుగా నడచుటకు కారణము కూడ ఇదియే. పగలు నిండుచుండెను, రాత్రి కారుచుండెను. కారినదానికంటె నిండినది ఎక్కువగుటచే ఎవరికిని తెలియలేదు.

మిగిలినది మూడవ సందేహము. ఇచ్చట ఒక సంగతి గ్రహింపవలెను. నేటి కారు తాళము వేసి నిలిపినను పూర్తిగా నిద్రపోదు. గడియారము, దూరమునుండి తాళము తీయు యంత్రము, దొంగలు పడిన మ్రోగు గంట, ఇంజను లెక్కలు జ్ఞాపకముంచుకొను చిన్న కంప్యూటరు, ఇవన్నియు కొంచెము కొంచెము శక్తిని త్రాగుచునే యుండును. ఆరోగ్యముగా నున్న కారులో ఈ ఖర్చు సామాన్యముగా 20 మొదలు 50 మిల్లీఆంపియర్ల వరకు ఉండును. మిల్లీఆంపియ రనగా ఆంపియరులో వేయవ వంతు. ఇక లెక్క చూడుడు. 50 మిల్లీఆంపియర్ల చొప్పున దినమునకు 1.2 ఆంపియర్‌గంటలు పోవును. చిన్న కారు బ్యాటరీ 35 ఆంపియర్‌గంటల దనుకొన్నచో, సగము తరుగుటకు రమారమి పదునాలుగు దినములు పట్టును. కనుక ఏ దోషము లేని కారైనను నెలదినములు కదలకున్న లేవకపోవుట వింత కాదు. కాని అయిదు వాట్ల చిన్న దీప మొకటి ఆరక వెలుగుచుండిన, 0.4 ఆంపియరు చొప్పున దినమునకు పది ఆంపియర్‌గంటలకు దగ్గరగా పోవును. అప్పుడు రెండు దినములకే సగము హరించును. నాలుగు దినములకు అడుగంటును. బావగారి కారు నాలుగు దినములకే చచ్చినదను మాటలోనే దొంగ పరిమాణము కొంత తెలియుచున్నది.

ఇప్పుడు దొంగను పట్టు విధానము. కారును చదునైన చోట నిలిపి, తాళపుచెవి తీసి, అన్ని దీపములు, పాటల యంత్రము ఆపివేయవలెను. బానెటు తెరచి యుంచవలెను. ఫ్యూజుల పెట్టె కారు లోపల నున్నచో, తలుపు తెరచియే పని చేయవలసి యుండును. అప్పుడు తలుపు మూసియున్నట్లు కారు భ్రమపడునట్లు తలుపుగొళ్ళెమును స్క్రూడ్రైవరుతో నొక్కియో, తలుపుచట్రమునందలి చిన్న మీటను కట్టియో ఉంచవలెను. పని ముగిసిన పిమ్మట తలుపు మూయుటకు ముందే గొళ్ళెమును మరల వదలింప మరువరాదు. రిమోటు తాళపుచెవిని కారుకు దూరముగా ఇంటిలో నుంచుడు. అది దాపున నున్నచో కొన్ని కార్లు నిద్రపోవు. చేతి ఉంగరము, గడియారము తీసివేయుడు. పానా ఒక మొనకును కారు శరీరమునకును నడుమ తగిలినచో నిప్పులు చిమ్మును. ఉంగరము క్షణములో కాలి వ్రేలిని కాల్చును. బ్యాటరీ నుండి మండెడు వాయువు వెలువడవచ్చును గనుక దగ్గర చుట్ట, బీడీ, దీపము పనికిరాదు.

ముందుగా ఋణధ్రువము, అనగా మైనసు గుర్తు గల మొననుండి తీగెను విప్పవలెను. మల్టీమీటరు ఎఱ్ఱతీగెను పది ఆంపియర్ల రంధ్రములో దూర్చి, కొలతను ఆంపియర్ల వైపు త్రిప్పి, ఎఱ్ఱమొనను విప్పిన తీగెకును, నల్లమొనను బ్యాటరీ మైనసు మొనకును తాకింపవలెను. ఇపుడు బ్యాటరీనుండి పోవు ప్రవాహ మంతయు మీటరు గుండ పోవును. తూము దగ్గర గడ్డపలుగు పాతి నీటి మట్టము కొలుచుట వంటిది. మీటరు తగిలియుండగా కారును లేపుట గాని, ముందరి పెద్ద దీపములు వేయుట గాని ఎన్నడును చేయరాదు. మీటరులోని ఫ్యూజు కాలిపోవును.

తగిలించినవెంటనే కనబడు అంకెను చూచి భయపడకుడు. మేము తగిలించినపుడు రెండు ఆంపియర్లకు మించి చూపెను. బావగారు “ఇదిగో దొంగ” అనిరి. “ఆగుడు, ఇంకను ఇల్లు నిద్రపోలేదు” అంటిని. కారులోని యంత్రములు ఒక్కొక్కటి పండుకొనుటకు ఇరువది నిమిషములు మొదలు ముప్పావుగంట వరకు పట్టవచ్చును. ఇచ్చట ఓపికయే ప్రధానము. మేము అరుగుమీద కూర్చుండి కాఫీ త్రాగి వచ్చునప్పటికి అంకె దిగి దిగి 0.43 యొద్ద నిలిచెను. మరి పావుగంట చూచితిమి. కదలలేదు. ఉండవలసినది 0.05కు లోపల, ఉన్నది 0.43. దొంగ ఉన్నాడు, వాని బరువు 0.4 ఆంపియరు.

వా డెచ్చట నున్నాడు? నీరు కారుచున్న చేనిలో రైతు ఒక్కొక్క మడవను కట్టి చూచును. ఏ మడవ కట్టినపుడు మట్టము నిలిచెనో ఆ వైపుననే బొరియ కలదు. కారులో ఆ మడవలే ఫ్యూజులు. ఒక్కొక్క విద్యున్మార్గమునకు ఒక్కొక్క ఫ్యూజు కాపలా యుండును. ఒకరు మీటరు చూచుచుండగా మరొకరు ఒక ఫ్యూజు పెరికి, అంకె తగ్గకున్న దానిని అదే చోట మరల గ్రుచ్చి, తరువాతి దానిని పెరుకవలెను. రెండింటిని ఒకేసారి తీయరాదు, తారుమారు చేయరాదు. ఫ్యూజు మరల గ్రుచ్చినపుడు ఏదైన యంత్రము మేల్కొని అంకె పెరిగినచో, అది దిగువరకు ఆగవలెను. నేర్పుగల ఎలక్ట్రీషియనులు ఫ్యూజును పెరుకకుండ దాని రెండు మొనల నడుమ మిల్లీవోల్టులు చూచి ప్రవాహ మున్నదో లేదో తెలిసికొందురు. క్రొత్త కార్లకు అది మరింత మేలైన పద్ధతి.

బానెటు క్రింది పెట్టెలో ఏ ఫ్యూజు తీసినను అంకె కదలలేదు. కారు లోపలి పెట్టెలో ఏడవ ఫ్యూజు తీసినపుడు 0.43 ఒక్కసారిగా 0.03కు పడెను. మరల గ్రుచ్చితిని, 0.43. మరల తీసితిని, 0.03. బావగారు కన్నార్పక చూచుచుండిరి. ఆ ఫ్యూజు దేనిదని కారుతో వచ్చిన పుస్తకమున చూచితిమి. లోకప్పు దీపము, డిక్కీలోని దీపము దానివి. కప్పు దీపము ఆరియే యున్నది. ఇక డిక్కీ! దానిని తెరచిన దీపము వెలుగుట సహజము; మూసినపుడు ఆరుచున్నదో లేదో బయటనున్న వానికి తెలియదు. ఇంటి దొంగను ఈశ్వరుడైన పట్టలేడందురు. మేము ఈశ్వరునికి శ్రమ యియ్యక ఒక ఉపాయము పన్నితిమి. సెల్లుఫోనులో వీడియో పెట్టి డిక్కీలో నుంచి, మూసి, ఒక నిమిషము తరువాత తెరచితిమి. వీడియోలో ఆ నిమిష మంతయు డిక్కీ పట్టపగలు వలె వెలుగుచునే యుండెను.

డిక్కీ యంచున, తలుపు మూయగనే నొక్కుకొని దీపము నార్పవలసిన చిన్న మీట యొకటి కలదు. అది విరిగి ప్రక్కకు ఒరిగియుండెను. దాని సందున గోనెపీచు చిక్కుకొని యుండెను. ఆ పీచును వ్రేళ్ళతో తీసి బావగారు చాలసేపు చూచిరి. తరువాత మెల్లగా ఇట్లనిరి: “ఆశ్వయుజమాసమున అమ్మాయి ఇంటికి రెండు బస్తాల బియ్యము పంపితిని. పిల్లవాడు, ‘తాతగారూ, ఇటువైపు లాగవద్దండి, నేను ఎత్తి పెట్టెదను’ అనెను. తొందరపడి నేనే లాగితిని. ఏదో పుటుక్కుమన్నది. గోనె కుట్టు తెగినదనుకొంటిని.” ఇంతకుమించి ఆయన యేమియు అనలేదు, నేనును అనలేదు. దీపపు బల్బు తీసివేసితిమి. అంకె 0.03 యొద్ద నిలిచెను. క్రొత్త మీటకైన వ్యయము, హోటలులో ఇద్దరు ఫలహారము చేసిన వ్యయమునకు మించలేదు.

అందరి కార్లలోను దొంగ డిక్కీదీపమే యై యుండడు. పలుచోట్ల పట్టుబడు దొంగలను కొందరిని చెప్పెదను. తరువాత అమర్పించిన పాటల యంత్రము, కెమెరా, దారిచూపు యంత్రము, దొంగలకై పెట్టిన గంట మొదలగువాని తీగెలను తాళముతో ఆరు మార్గమునకు గాక, ఎల్లప్పుడును శక్తి యుండు మార్గమునకు కలిపియుందురు. కారు కొన్న తరువాత ఏమేమి అమర్పించితిమో ఒక కాగితముపై వ్రాసికొన్న సగము పరిశోధన ముగిసినట్లే. సిగరెట్టు సాకెట్టులో వదలిన ఛార్జరు మరియొకటి. ముందరి సొరుగులోని దీప మింకొకటి. అంటుకొనిపోయిన రిలే యనునది ఒకటి; కారు నిలిచి చాలసేపైనను అది వెచ్చగా నుండును. మన పల్లెలలో ఎలుకను మరువరాదు. ధాన్యపుగాదె దాపున నిలిపిన కారు బానెటు క్రింద అది గూడు కట్టి తీగెలపై తొడుగును కొరుకును; తొడుగు పోయిన తీగె ఇనుమును తాకి శక్తి కారును. ఫ్యూజులన్నియు తీసి చూచినను అంకె తగ్గనిచో, ఆ ఫ్యూజుల గుండ పోక నేరుగా బ్యాటరీతో కలిసియుండు భాగములను అనుమానింపవలెను. ఆల్టర్నేటరులోని డయోడు చెడినపుడు ప్రవాహము వెనుకకు కారును. ఇది నేర్పరి చూడవలసిన పని; ఇచ్చట మనము చేయి పెట్టరాదు. బ్యాటరీతోనే నడచు విద్యుత్ కార్లలోను, హైబ్రిడ్ కార్లలోను నారింజరంగు తీగెలను ఎన్నడును ముట్టరాదు, అవి ప్రాణాపాయకరములు.

పెద్దలారా! మీ ముంగిట కారు నిలిచియుండుట మీ బిడ్డలు మీ కొరకు చేసిన యేర్పాటు. అది అక్కరకు వచ్చునట్లు చేయుటకు మూడు నియమములు చాలును. వారమున కొకసారి అరగంట తగ్గకుండ కారును రహదారిపై నడిపింపుడు. నిలిపియుంచి ఇంజను గుఱ్ఱుమనిపించిన చాలదు. నెలల తరబడి కదలదని తెలిసినచో మైనసు తీగెను విప్పించి యుంచుడు. విప్పునపుడు మైనసు ముందు, తగిలించునపుడు మైనసు తుదను. గడియారము మరల సరిచేసికొనవలసి వచ్చును. కొన్ని కార్లలో పాటల యంత్రము రహస్యసంఖ్య అడుగును. ఆ సంఖ్యను ముందే వ్రాసియుంచుకొనుడు. మన వేసవి యెండలో బ్యాటరీ తనంతట తానును త్వరగా తరుగును. వట్టిపోయిన బ్యాటరీని అట్లే వదలినచో సీసపు రేకులపై గట్టిపొర పేరుకొని అది మరల కోలుకొనదు. కనుక తరిగినదని తెలిసిన వెంటనే ఛార్జి చేయింపుడు.

ఇక మెకానిక్కు వచ్చి “బ్యాటరీ మార్చవలె” నన్నచో కోపింపక మూడు ప్రశ్నలు అడుగుడు. “నాయనా, బ్యాటరీని పరీక్షించితివా? ఇంజను నడచునపుడు ఎన్ని వోల్టులు వచ్చుచున్నవి? కారు నిద్రించిన తరువాత ఎన్ని మిల్లీఆంపియర్లు పోవుచున్నవి?” మంచి పనివాడు ఈ ప్రశ్నలకు సంతోషించును. అడుగుటలో అమర్యాద లేదు.

కథ తుది చెప్పి ముగింతును. ఆ సాయంకాలము బావగారు తాళపుచెవి చేతబట్టుకొని, నన్ను రావలదని చెప్పి, కఱ్ఱ ఊతముతో తామే పిల్లవాని ఇంటికి నడచి పోయిరి. అచ్చట ఏమి చెప్పిరో నేనెరుగను; అడుగలేదు. ఆయన తిరిగి వచ్చునప్పటికి చీకటి పడెను. చేతిలో తాళపుచెవి లేదు. మరునాటి యుదయమున నేను బస్సుకై బయలుదేరుచుండగా పిల్లవాడు ముంగిట కారు కడుగుచుండెను. నన్ను చూచి, “దిగబెట్టెదను రండి” అని తలుపు తీసెను. తాళము త్రిప్పగనే కారు లేచెను. దారిలో నేను, “అబ్బాయీ, మీ తాతగారి మీద కోపము పోయినదా?” అని యడిగితిని. వాడు కొంతసేపు మాటాడలేదు. తరువాత, “కోపము కాదండి. నే నబద్ధ మాడితినని ఊరంతయు అనుకొనిరి. అదే కష్టమైనది” అనెను.

శ్రోతలారా! బ్యాటరీ దొంగను పట్టుటకు ఒక మీటరును, ఒక గంట ఓపికయు చాలును. ఆ గంట ఓపిక ముందే పట్టియుండినచో రెండవ మెకానిక్కును పిలుచుట తప్పెడిది. ఒక పిల్లవాని కన్నీరు తప్పెడిది. మీ ఇండ్ల యందలి కార్లను ఈ వారమున ఒకసారి పరీక్షించి చూడుడని ప్రార్థించుచు, నా ప్రసంగమును ముగించుచున్నాను.